మామునూరుకు ఏటీఆర్ మేలా, ఎయిర్‌బస్ మేలా?

“అన్నా, మన మామునూరుకు పెద్ద విమానం వస్తదా, లేకుంటే ఆ ఫ్యాన్ల విమానమేనా?” 2025 ఫిబ్రవరి చివర్లో వరంగల్ పక్కన మామునూరు ఎయిర్‌పోర్టును మళ్లీ తెరిచేందుకు కేంద్రం అనుమతి ఇచ్చిన దగ్గర్నుంచి నన్ను అందరూ అడిగేది ఇదే. ఫ్యాన్ల విమానం అంటే రెక్కల మీద ప్రొపెల్లర్లు తిరిగే ఏటీఆర్, పెద్ద విమానం అంటే ఎయిర్‌బస్ జెట్. హన్మకొండ చౌరస్తాలో అడుగుతారు, కాజీపేట ప్లాట్‌ఫాం మీద అడుగుతారు, పెళ్లి భోజనాల్లో పప్పు వడ్డిస్తూ కూడా అడుగుతారు. విమానాల పిచ్చి ఉందని తెలిస్తే మనిషిని వదలరు. జెట్ వస్తే గౌరవం, ఫ్యాన్ వస్తే నామోషీ అన్నట్టుగా ఉంటుంది ఆ అడగడం. నా లెక్క వేరే.

నిజాం కాలంలో, 1930లో కట్టిన ఎయిర్‌పోర్టు ఇది. 1981 దాకా నడిచింది. ఆ తర్వాత పుట్టినవాళ్లకు మామునూరు అంటే పోలీసు బెటాలియనే గుర్తొస్తుంది. ముందునుంచీ ఉన్న 696 ఎకరాలకు ఇంకో 253 ఎకరాలు కలిపి, ఎయిర్‌బస్ ఏ320 రకం జెట్ దిగేలా కట్టాలన్నది ప్రణాళిక. రన్‌వే అంత పొడవు వస్తున్నప్పుడు ఏటీఆర్ మాట ఎందుకు అంటారు. రన్‌వే ఎంత పొడుగ్గా ఉన్నా, ఏ విమానం పంపాలో తేల్చేది విమాన సంస్థ. ఆ సంస్థ చూసేది సీట్లు నిండుతాయా లేదా అన్నదే.

మనవాళ్లు ముందు పోల్చేది వేగం. ఏటీఆర్ 72 గంటకు 500 కిలోమీటర్ల చిల్లర పోతుంది, ఎయిర్‌బస్ ఏ320 ఎనిమిది వందలు దాటుతుంది. వరంగల్ నుంచి తిరుపతి గాలిదారిలో 480 కిలోమీటర్ల లోపే. విశాఖ ఇంకా దగ్గర, బెంగళూరు కొంచెం ఎక్కువ. ఈ దూరాలకు జెట్ ఎక్కితే మిగిలేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. బ్యాగుల కోసం బెల్టు దగ్గర నిలబడేది అంతకన్నా ఎక్కువసేపు. ఢిల్లీకైతే కథ వేరు. పన్నెండు వందల కిలోమీటర్లు ఏటీఆర్‌లో కూర్చుంటే నడుము పడిపోతుంది. ఢిల్లీ, ముంబయి విమానమే కావాలనేవాళ్లతో నాకు పేచీ లేదు, వాళ్లకు జెట్టే కావాలి.

ఇక అసలు సంగతి. మన దేశంలో ఇండిగో ఏటీఆర్‌లో 78 సీట్లు ఉంటాయి. ఆ అంకె ఊరికే రాలేదు. 80 సీట్ల లోపు దేశీయ విమానానికి ల్యాండింగ్ చార్జీ ఉండదు. బరువు 40 టన్నుల లోపు ఉంటే ఇంధనం మీద పన్ను కూడా తక్కువే. ఏటీఆర్ పూర్తి బరువు 23 టన్నులు, కాబట్టి రెండూ దానికి కలిసొస్తాయి. దాదాపు 80 టన్నుల ఏ320కి ఈ రెండూ లేవు. అది గంటకు సుమారు రెండున్నర టన్నుల ఇంధనం తాగుతుంది, ఏటీఆర్‌కు ముప్పావు టన్ను చాలు. న్యాయంగా చెప్పాలంటే, 180 సీట్లూ నిండితే కిలోమీటరుకు, సీటుకు ఎయిర్‌బస్ ఖర్చు ఏటీఆర్ కన్నా ఎక్కువేం కాదు. నిండితే!

మనకు నిండుతాయా? హన్మకొండ నుంచి శంషాబాద్ మూడు గంటల దారి. అక్కడ ప్రతి ఊరికీ రోజుకు బోలెడు విమానాలు. మామునూరు నుంచి బెంగళూరుకు రోజుకొక్క ఎయిర్‌బస్, అదీ మిట్టమధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టారనుకోండి. ఐటీ ఉద్యోగం చేసే పిల్లగాడు సోమవారం పొద్దున ఆఫీసులో ఉండాలంటే అది పనికిరాదు. వాడు ఆదివారం రాత్రే కారేసుకొని శంషాబాద్ పోతాడు. మన విమానం సగం ఖాళీగా ఎగురుతుంది. ఆర్నెల్లు చూసి సంస్థ దాన్ని ఇంకో ఊరికి మార్చుకుంటుంది. అదే పొద్దున ఏడింటికి ఒక ఏటీఆర్, రాత్రి ఎనిమిదింటికి ఇంకో ఏటీఆర్ ఉంటే కోర్టు పనికి పోయినవాడూ, ఆసుపత్రికి పోయినవాడూ ఒక్కరోజులో తిరిగొస్తారు. రెండింటిలో కలిపినా 156 సీట్లే, ఒక ఎయిర్‌బస్ కన్నా తక్కువ. నా దృష్టిలో చిన్న ఊరి ఎయిర్‌పోర్టు బతికేదీ చచ్చేదీ ఈ టైమింగ్ దగ్గరే.

దీనికి నేను చూపించే ఊరు రాజమహేంద్రవరం. అక్కడ ఏళ్లపాటు ఫ్యాన్ల విమానాలే నడిచాయి. రన్‌వేను 3,165 మీటర్లకు పెంచాక కూడా వెంటనే పెద్దవి రాలేదు. జనం అలవాటు పడ్డారు, సీట్లు నిండాయి, 2024 డిసెంబర్‌లో ముంబయికీ ఢిల్లీకీ ఏ320లు మొదలయ్యాయి. ఏటీఆర్ పెంచిన మార్కెట్‌లోకే ఎయిర్‌బస్ వచ్చింది. ఎదురు ఉదాహరణ కూడా ఉంది, దాచను. 2015లో కడపకు మొదట ఏటీఆర్ నడిపిన ఎయిర్ పెగాసస్ మరుసటేడే ఆగిపోయింది. హైదరాబాద్ కేంద్రంగా ఏటీఆర్‌లే నడిపిన ట్రూజెట్ 2022లో ఆగింది. విమానం చిన్నదైతే సరిపోదు, నడిపే సంస్థకు ఒంట్లో బలం ఉండాలి.

“మరి సేఫ్టీ?” అని గొంతు తగ్గించి అడుగుతారు. పోఖరా వీడియో అందరి ఫోన్లలో తిరిగింది కదా. 2023 జనవరిలో నేపాల్‌లో ఆ ఏటీఆర్ కూలి 72 మంది పోయారు. అక్కడ ఫ్లాప్ (దిగేటప్పుడు రెక్క వెనక అంచును కిందికి వంచే భాగం) లివర్ లాగాల్సిన చోట ప్రొపెల్లర్లను నియంత్రించే లివర్లు లాగారు, రెండు ఇంజిన్లూ విమానాన్ని ముందుకు నెట్టే బలం పోయింది. 2015లో తైవాన్ రాజధాని తైపీలో ఇంకో ఏటీఆర్‌కు ఒక ఇంజిన్ ఆగితే పైలట్ బాగున్న రెండోదాన్ని ఆపేశాడు. ఈ రెండింటిలో ఫ్యాన్ల తప్పు కన్నా కాక్‌పిట్‌లో చేతుల తప్పే ఎక్కువ. 2024 ఆగస్టులో బ్రెజిల్‌లో 62 మందిని బలిగొన్న ఏటీఆర్ ప్రమాదం వేరు. అది రెక్కల మీద మంచు పేరుకునే వాతావరణంలో జరిగింది. ఇక్కడ మాత్రం ఏటీఆర్ బలహీనత నిజమే, అది ఎగిరే ఎత్తులో మంచు తగులుతుంది. అయితే మన దక్కన్ మీద సున్నా డిగ్రీల మట్టం సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, ఏటీఆర్ తిరిగేది కూడా ఆ చుట్టుపక్కలే. మంచు పడుతోందనిపిస్తే కొన్ని వేల అడుగులు దిగితే వెచ్చటి గాలి దొరుకుతుంది, కింద కొండలు అడ్డం లేవు. నేపాల్ పైలట్‌కు ఆ వెసులుబాటు లేదు.

జెట్లకు ఇంకో గండం ఉంది, రన్‌వే చివర. 2010లో మంగళూరులో 158 మంది, 2020లో కోజికోడ్‌లో 21 మంది పోయిన రెండు ప్రమాదాల్లోనూ బోయింగ్ 737 రన్‌వే మీద చాలా ముందుకు పోయి దిగి, ఆగలేక చివరి నుంచి పడిపోయింది. మామునూరు కొండ మీద లేదు, నిజమే. కానీ మే నెలలో 44 డిగ్రీల ఎండకు గాలి పల్చబడితే బరువైన జెట్‌కు లేవడానికి ఎక్కువ దూరం కావాలి. ఏటీఆర్ మామూలు పరిస్థితుల్లో పూర్తి బరువుతో 1,300 మీటర్లకే లేస్తుంది. ఎయిర్‌బస్ కోసం కట్టిన రన్‌వే మీద ఏటీఆర్ దిగితే చివర బోలెడంత మిగులుతుంది. అందుకే రన్‌వే మాత్రం పెద్దదే కట్టాలంటాను, అందులో బేరం వద్దు.

సుఖం సంగతికొస్తే ఎయిర్‌బస్‌దే గెలుపు. వానాకాలం మబ్బుల్లో ఏటీఆర్ ఊపుతుంది, మేడారం దారిలో బస్సు ఊపినట్టే. పైన పెట్టెల్లో చక్రాల సూట్‌కేసు పట్టదు. కానీ రెక్క పైన ఉంటుంది కాబట్టి ఏ కిటికీ దగ్గర కూర్చున్నా కింద నేల కనిపిస్తుంది. ఎక్కే తలుపు వెనకాల, మోత ముందు. వెనక సీటు అడగండి, చప్పుడు తక్కువ, దిగేది మొదట మీరే.

మిగతావి రెండు ముక్కల్లో. ఎంబ్రేయర్ 175 జెట్టే, సీట్లు 76, మంచి విమానమే కానీ మన దేశంలో నడిపేది చాలా తక్కువ. హెచ్‌ఏఎల్ తయారుచేసే డోర్నియర్ 228 పందొమ్మిది సీట్లది, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఉండదు. హెలికాప్టర్ జాతరకు సరదా, రోజువారీ పనికి కాదు.

“యుద్ధమొస్తే ఎయిర్‌ఫోర్స్‌కు పెద్ద రన్‌వే పనికొస్తది కదా” అని ఒక వర్గం. 2025 మేలో మన దాడులకు పాకిస్థాన్‌లోని రహీమ్ యార్ ఖాన్ అనే ఊరి రన్‌వే గుంత పడి మూతపడింది. క్షిపణులకు రన్‌వేలు ముందే తెలిసిన అడ్రసులు. అందుకే వాయుసేన హైవేల మీద కూడా దిగడం సాధన చేస్తోంది. 2024 మార్చిలో అద్దంకి దగ్గర జాతీయ రహదారి మీద వాయుసేన రవాణా విమానాలు ఏఎన్-32, డోర్నియర్ దిగి లేచాయి. రెండూ ఫ్యాన్ల విమానాలే. 2013లో లద్దాఖ్‌లో దౌలత్ బేగ్ ఓల్డీ మట్టి రన్‌వే మీద, 16,000 అడుగులు దాటిన ఎత్తులో దిగిన వాయుసేన రవాణా విమానం సీ-130 కూడా అదే జాతి. నామోషీ అనేవాళ్లకు ఇది చెప్తుంటాను.

పెద్ద విమానం కావాలని వినతిపత్రాలు ఇస్తున్నవాళ్లను నేనడిగేది ఒకటే, అందులో రాత్రి ల్యాండింగ్ దీపాలూ, ఐఎల్‌ఎస్ (రన్‌వే సరిగ్గా కనిపించకపోయినా రేడియో సంకేతాలతో దారి చూపే) పరికరమూ రాయండి. అవి లేకపోతే రన్‌వే ఇంకా దూరం నుంచే పైలట్ కళ్లకు కనిపించాలి, డిసెంబర్ పొగమంచులో ఏడింటి విమానం పదిన్నరకు పోతుంది. ఎనిమిదింటి రాత్రి విమానమైతే అసలు ఉండదు.