అగ్నిపర్వత వాయువులు: పైనుంచి చూడటం మేలా, కొండ దగ్గర కొలవడం మేలా?

2025 నవంబరులో ఇథియోపియాలో హైలి గుబ్బి అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద మేఘం అరేబియా సముద్రం దాటి ఢిల్లీ దాకా వచ్చింది, కొన్ని విమానాలు రద్దయ్యాయి. అప్పటినుంచీ చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు: "ఉపగ్రహం రంగుల పటం గీసి మరీ చూపిస్తుంటే, శాస్త్రవేత్తలు ముక్కుకు మాస్కు తగిలించుకుని ఇంకా కొండలెక్కడం దేనికండీ?" ఆ పటాలు చూస్తూ నేనూ పని మానేసి కూర్చున్నాను కాబట్టి, ప్రశ్న న్యాయమైనదేనని ఒప్పుకుంటాను.

ముందు ఉపగ్రహానికి దక్కాల్సింది దక్కనిద్దాం. దానికి ఈ విద్య అనుకోకుండా అబ్బింది. నింబస్-7 ఉపగ్రహం మీది టామ్స్ పరికరాన్ని పెట్టింది ఓజోన్ కోసం. 1982లో మెక్సికోలో ఎల్ చిచోన్ పేలినప్పుడు అక్కడ ఓజోన్ అమాంతం పెరిగినట్టు చూపించింది. తీరా చూస్తే అది ఓజోన్ కాదు, సల్ఫర్ డయాక్సైడ్ అనే గంధకపు వాయువు. రెండూ అతినీలలోహిత కాంతిని మింగేవే. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినాటుబో పేలి కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ను స్ట్రాటోస్ఫియర్‌లోకి, అంటే మబ్బులకన్నా పైనున్న గాలి పొరలోకి, ఎగజిమ్మిందని లెక్క తేలింది ఇలా పైనుంచి చూడబట్టే. ఆ గంధకపు తెర వల్లే మరుసటి ఏడాది భూమి సుమారు అర డిగ్రీ చల్లబడింది. 2022లో టోంగా దగ్గర సముద్రగర్భంలో పేలిన హుంగా టోంగా కథ వేరు. దాని గంధకం నాలుగు లక్షల టన్నులే, స్ట్రాటోస్ఫియర్‌కు ఎక్కించిన నీటి ఆవిరి మాత్రం పద్నాలుగు కోట్ల టన్నుల పైమాటే. నేలమీద నిలబడి ఇలాంటి లెక్క ఎవరూ తీయలేరు.

ఇవన్నీ పేలాక తెలిసే సంగతులని గమనించారా? నేను చూసేది ఒక్కటే: పేలకముందు ఎవరు చెబుతారు?

మళ్లీ పినాటుబో దగ్గరికే వద్దాం. అక్కడ వాడిన కోస్పెక్ నిజానికి ఫ్యాక్టరీ చిమ్నీల పొగ కొలవడానికి పుట్టిన పరికరం. 1991 మే 13న సల్ఫర్ డయాక్సైడ్ రోజుకు 500 టన్నులని చూపించింది. మే 28కల్లా 5,000 దాటింది. కొత్త శిలాద్రవం పైకి వస్తోందన్నమాట. తర్వాత వారంలోనే లెక్క 300 లోపుకు పడిపోయింది. దూరంనుంచి చూసేవాళ్లు "హమ్మయ్య" అనుకునే అంకె అది. కొండ దగ్గరున్నవాళ్లు మాత్రం, వాయువు బయటికి పోయే దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతోందేమోనని భయపడ్డారు. జూన్ 10న లెక్క 13,000 దాటింది. ఆ రోజే దగ్గర్లోని అమెరికా క్లార్క్ వైమానిక స్థావరాన్ని ఖాళీ చేయించారు, 15న కొండ బద్దలైంది. ఆ నిర్ణయంలో భూకంపాల లెక్కలకూ పెద్ద వాటా ఉంది, గంధకానికే మొత్తం పేరు కట్టబెట్టను. కానీ రోజుకు 500 టన్నులన్నది ఆనాటి ఉపగ్రహం కంటికి ఆనే లెక్కే కాదు.

ఇప్పటి ఉపగ్రహ పరికరం ట్రోపోమి చాలా చురుకైనదే. అయినా దాని పటంలో ఒక్కో చుక్క నేలమీద 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు. రావడమేమో రోజుకొకసారి, మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో. మబ్బు పడితే అదీ లేదు.

అంతకన్నా పెద్ద లోటు కార్బన్ డయాక్సైడ్. గోలీసోడా కొట్టినట్టు, శిలాద్రవం పైకొచ్చి ఒత్తిడి తగ్గేకొద్దీ అందులో కరిగిన వాయువులు బుడగలవుతాయి. కార్బన్ డయాక్సైడ్ బాగా లోతులోనే విడిపోతుంది, గంధకం మాత్రం పైకి వచ్చేదాకా శిలాద్రవంలోనే కరిగి ఉంటుంది. అందుకే మొదటిదానికీ రెండోదానికీ నిష్పత్తి ఉన్నట్టుండి పెరిగితే అడుగున కొత్త సరుకు చేరిందని అనుమానించాలి. ఇటలీలో ఎట్నా, స్ట్రాంబోలి బిలాల పక్కన వాయువుల్ని కొలిచే మల్టీగ్యాస్ పెట్టెలు కనిపెట్టుకుని ఉండేది దీనికోసమే. పైనుంచి ఇది పట్టుకోవడం, గాలిలో ఇప్పటికే ఉన్న కార్బన్ డయాక్సైడ్ మధ్య, చెరువులో చెంబెడు నీళ్లు పోసి మట్టం చూసినట్టే.

కొండ కింద ఊళ్ల సంగతీ అంతే. 1986లో కామెరూన్‌లో అగ్నిపర్వత బిలంలో నిండిన నియోస్ సరస్సు అడుగునుంచి పొంగిన కార్బన్ డయాక్సైడ్ రాత్రికి రాత్రి 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. రంగూ వాసనా లేనిది, నేలను అంటుకుని లోయలోకి పాకింది. 1783లో ఐస్‌లాండ్‌లో లాకి అగ్నిపర్వతపు పగుళ్లనుంచి వచ్చిన ఫ్లోరిన్ గడ్డి మీద పడి పశువులు గుంపులు గుంపులుగా చచ్చాయి, ఆ కరువులో దేశజనాభాలో దాదాపు అయిదోవంతు పోయింది. ఇలాంటి చోట కావాల్సింది నేలమట్టపు గాలి లెక్క, ఆకాశపు పటం కాదు.

నేలమీది పరికరాలు తప్పులేనివేం కాదు. కాంతితో కొలిచేవాటికి పగటి వెలుతురు కావాలి. గాలివేగం సరిగా తెలియకపోతే టన్నుల లెక్కంతా తారుమారవుతుంది. ఆమ్లపు పొగ పెట్టెల్ని తినేస్తుంది, ఒక్కోసారి కొండే మింగేస్తుంది.

బిలంలో దిగి సీసాలో పొగ పట్టే పాత పద్ధతి ఉంది. రసాయనం తేల్చడంలో దానికి సాటి లేదు, కానీ 1993లో కొలంబియాలో గలేరాస్ బిలం దగ్గర తొమ్మిదిమంది, వాళ్లలో ఆరుగురు శాస్త్రవేత్తలు, పోయారని తెలిశాక దాన్ని రోజువారీ పద్ధతిగా ఎవరికీ చెప్పలేను. డ్రోన్లు బాగానే ఉన్నాయి, బ్యాటరీ ఉన్నంతసేపు.

మరి మన బారెన్ ద్వీపానికో? అండమాన్ సముద్రంలో మనుషులు లేని దీవి, 1991లో మళ్లీ మేల్కొన్నాక ఉండుండి పొగలు కక్కుతోంది. ఆ ఒక్కచోట నా ఓటు ఉపగ్రహానికే. అక్కడ లేపి పంపించాల్సిన ఊరేదీ లేదు.