కలిసి నవల రాద్దాం రండి అని పిలిస్తే, డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఆగండి

పన్నెండు వారాల్లో నవల చిత్తుప్రతి పూర్తి చేయిస్తామన్న ఆన్‌లైన్ రాత సెషన్లలో చేరాను. ఫీజు మొత్తం ఒకేసారి కట్టాను. ఎనిమిదో వారంలో బయటికి వచ్చేశాను. చిల్లిగవ్వ వెనక్కి రాలేదు. నిర్వాహకుల పేరు రాయడం లేదు. పేరు రేపు మార్చుకోగలరు, తీరు మాత్రం అదే ఉంటుంది. ఇదే తీరులో నడిచే గుంపులు ఇంకో రెండు ఈ మధ్య నా కంటపడ్డాయి కూడా.

నేను ఎందుకు చేరానో ముందే చెప్పేస్తాను, లేకపోతే అంత అమాయకంగా ఎలా కట్టారని అడుగుతారు. ఒంటరిగా కూర్చుని రాయడం నాకు చేతకాదు. నాలుగో అధ్యాయం దాకా బాగానే సాగుతుంది, ఆ తరువాత ఉన్నట్టుండి అలమర సర్దాలనిపిస్తుంది. ఎదురుగా ఇంకొకరు తల వంచుకుని రాస్తుంటే మాత్రం లేవడానికి సిగ్గేస్తుంది. ఆ సిగ్గే నా చేత రాయిస్తుంది. ఏటా నవంబరులో జరిగిన నానోరైమో అనే నవలా రచన సవాలు వల్ల ఈ సంగతి నాకు తెలిసొచ్చింది. 1999లో 21 మందితో మొదలైన వ్యవహారం అది. 30 రోజుల్లో 50,000 పదాలు రాయాల్సి ఉండేది, అంటే రోజుకు సుమారు 1,667. పాల్గొనడానికి ఫీజు ఉండేది కాదు. 2025 మార్చిలో ఆ సంస్థ మూతపడుతున్నట్టు ప్రకటించాక నాలాంటివాళ్ళం కొత్త తోడు కోసం వెతుకులాట మొదలుపెట్టాం. సరిగ్గా అప్పుడు ఈ ప్రకటన ఎదురైంది.

మొదటి సెషన్ ఉచితం. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. 14 మందిమి ఉన్నాం. పలకరింపులు అయిదు నిమిషాల్లో ముగిశాయి. అందరం మైకులు ఆపుకుని ఇరవై నిమిషాల చొప్పున రెండు విడతలు రాశాం. చివర్లో ఎవరి పదాల లెక్క వాళ్ళు చాట్‌లో పెట్టాం. నావి 612. అన్ని పదాలు ఒక్క పట్టున రాసి చాలా కాలమైంది. ఆ ఊపులో అదే రాత్రి డబ్బు కట్టేశాను. ప్రకటనలో మూడు హామీలు ఉన్నాయి: బృందంలో 12 మందికి మించి ఉండరు, సెషన్ రెండు గంటలు, అందులో కనీసం 80 నిమిషాలు నిశ్శబ్దంగా రాసుకోవడమే. వారానికి రెండుసార్లు. ఇంకేం కావాలి?

డబ్బు కట్టాక జరిగిన మొదటి సెషన్‌లో తెర మీద 31 కిటికీలు కనిపించాయి. ‘ఈసారికి రెండు బృందాలను కలిపాం, శక్తి రెట్టింపు అవుతుంది’ అన్నారు నిర్వాహకులు. శక్తి సంగతి ఏమో గానీ, కుక్కల మొరుగులు మాత్రం రెట్టింపయ్యాయి.

నాకు లెక్కలు రాసుకునే అలవాటు ఉంది. ఆ అలవాటే లేకపోతే ‘ఎందుకో నాకు రాత సాగడం లేదు’ అని నన్ను నేనే తిట్టుకుంటూ పన్నెండు వారాలూ గడిపేసేదాన్ని. నోటు పుస్తకంలో మూడో సెషన్ పేజీ ఇలా ఉంది. ఏడు గంటలకు మొదలు. 7.18 వరకు ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూపు. 7.41 వరకు నిర్వాహకుల స్ఫూర్తి ప్రసంగం. ఆ తరువాత 15 నిమిషాల రాత, మధ్యలో రెండుసార్లు ‘అద్భుతం, సాగించండి’ అని ఆయన గొంతు. 7.56 నుంచి 8.32 వరకు అప్పుడే రాసింది చదివి వినిపించడం. మళ్ళీ 12 నిమిషాల రాత. చివరి 16 నిమిషాలు పై స్థాయి కోర్సు గురించి. రెండు గంటల్లో రాసింది 27 నిమిషాలు. నాలుగు వారాలు, ఎనిమిది సెషన్లు కలిపి చూస్తే 960 నిమిషాలకు రాత 214 నిమిషాలు. వాళ్ళు రాసిచ్చిన హామీ ప్రకారం 640 ఉండాలి.

ఆ మిగిలిన సమయం వృథా కాదు, నేర్చుకోవడమే కదా అని కొందరు సర్దిచెప్పారు. చదివి వినిపించడం మీద నాకు కోపం లేదు. కానీ పన్నెండు నిమిషాల క్రితం పుట్టిన వాక్యం మీద పద్దెనిమిది మంది అభిప్రాయం చెబితే ఆ వాక్యం బతకదు. రచయితలు ఒకరి రచన గురించి ఒకరు మాట్లాడుకోవడానికి ఎప్పటి నుంచో పద్ధతులున్నాయి. 1956లో అమెరికాలోని మిల్‌ఫోర్డ్‌లో సైన్స్ ఫిక్షన్ రచయిత డేమన్ నైట్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన వర్క్‌షాపు పేరు మీద ఒకటి బాగా ప్రసిద్ధం. రచనను అందరూ ముందే చదువుకుని వస్తారు. వరుసగా ఒక్కొక్కరు కొద్ది నిమిషాల్లో చెప్పాల్సింది చెబుతారు. అందరి వంతూ అయ్యేదాకా రచయిత నోరు మెదపకూడదు. అది పూర్తయిన రచనకు పెట్టే పరీక్ష. చిత్తుప్రతి రాసే చోట దాన్ని దించితే, తరువాతి అధ్యాయం రాయాల్సిన మనిషి మొదటి అధ్యాయాన్నే దిద్దుకుంటూ కూర్చుంటాడు. మా బృందంలో ఒకాయన ఏడు వారాలూ మొదటి పేజీ మీదే ఉన్నాడు. పైగా అక్కడ వచ్చే అభిప్రాయాలు కూడా ‘చాలా బాగుంది, కొంచెం వర్ణన పెంచండి’ దాటేవి కావు.

అయిదో వారంలో నా లెక్కను మర్యాదగానే నిర్వాహకులకు పంపాను. ‘సృజనను గడియారంతో కొలవకూడదు’ అని జవాబు వచ్చింది. గడియారంతో కొలిచి 80 నిమిషాలని అమ్మింది ఎవరో మరి.

ఇక్కడితో అయిపోయి ఉంటే సమయం పోయిందనుకుని ఊరుకునేదాన్ని. అసలు దెబ్బ ఆరో వారంలో తగిలింది. మా అధ్యాయాలన్నీ గూగుల్ డాక్స్‌లో ఒక ఉమ్మడి ఫోల్డరులో పెట్టమన్నారు. ‘ఒకరికొకరు సాయపడేందుకు’ అంటూ అందరికీ ఎడిటర్ హక్కు, అంటే ఎవరి ఫైలునైనా మార్చగలిగే వీలు ఇచ్చారు. ఒక ఉదయం నా మూడో అధ్యాయం తెరిచాను. మొదటి పేజీలో ‘నిప్పు విక్రమ్కుంది’ అని ఉంది. కళ్ళు నులుముకున్నాను. రెండో పేజీలో శెట్టిగారు ‘తవిక్రమ్’ పట్టుకుని తూకం వేస్తున్నారు. ఇంకాస్త కిందికి వెళితే ‘మహావిక్రమ్ గారికి జయము’. అప్పుడు వెలిగింది. ఎవరో తమ నవలలో రాజు అనే పాత్ర పేరును విక్రమ్‌గా మార్చాలనుకున్నారు. పొరపాటున నా ఫైలులో ఉండి, పదాన్ని వెతికి అన్నిచోట్లా మార్చే మీట నొక్కేశారు. నిప్పు రాజుకోవడం, తరాజు, మహారాజు అన్నీ ఒకే దెబ్బకు విక్రమ్‌లైపోయాయి. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తోంది. ఆ ఉదయం మాత్రం రాలేదు. ఆ మార్పు తరువాత అదే ఫైలులో నేను రెండు పేజీలు రాసి ఉన్నాను, పైభాగం చూసుకోకుండా. వెర్షన్ హిస్టరీలో పాత ప్రతి దొరికింది. కానీ దాన్ని వెనక్కి తెస్తే కొత్త రెండు పేజీలు పోతాయి. వాటిని విడిగా కాపీ చేసుకుని, పాతది తెచ్చి, మళ్ళీ అతికించాను. ఒక పూట పోయింది.

ఉమ్మడి ఫోల్డరు తప్పనిసరి అయితే ఎదుటివారికి వ్యూయర్ (చదవడానికి) లేదా కామెంటర్ (వ్యాఖ్య పెట్టడానికి) హక్కు మాత్రమే ఇవ్వండి. ఎడిటర్ హక్కు ఉన్నవారు, ఫైలు యజమాని ఆ వీలు తీసేయకపోతే, ఇంకొకరికి కూడా దారి తెరవగలరు. చూసేవాళ్ళు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ చేసుకోకుండా ఆపే వీలు కూడా షేరింగ్ సెట్టింగుల్లో ఉంది (తెర ఫోటో తీసుకునేవాడిని అది ఆపలేదు, అది వేరే విషయం). అసలు ప్రతి మాత్రం ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి. అక్కడ పెట్టేది నకలు.

ఈ విక్రమ్ గొడవలో ఫోల్డరు మీద నాకు ఏ హక్కు ఉందో చూద్దామని, చేరేటప్పుడు చదవకుండా టిక్కు పెట్టిన నిబంధనలను మొదటిసారి చదివాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. పద్నాలుగో నిబంధన సారాంశం ఇది: సెషన్లలో పంచుకున్న ఏ రచననైనా ప్రపంచమంతటా, ఎప్పటికీ, ప్రతిఫలం లేకుండా వాడుకోవడానికి, మార్చడానికి, ప్రచురించడానికి సభ్యులు నిర్వాహకులకు అనుమతి ఇస్తున్నారు, ఆ అనుమతిని వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు.

రచయితల హక్కుల గురించి దేశాలు కుదుర్చుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందం ఆధారంగా చట్టాలున్న దేశాల్లో రచన మీద కాపీరైట్ రాసిన క్షణమే రచయితది. రిజిస్టరు చేయించాల్సిన పని కూడా లేదు. అంటే మన నవల మన చేతిలోంచి జారిపోయేది ఎక్కువగా మన టిక్కుతోనే, మన సంతకంతోనే. రాత సెషన్ నడపడానికి ఇంత అనుమతి అవసరమే లేదు. సభ్యులు ఒకరికొకరు చదువుకోవడానికి, కోర్సు ముగిసేవరకు, అంతే చాలు. ‘శాశ్వతం’, ‘వెనక్కి తీసుకోలేని’, ‘అనుసరణ’, ‘బదిలీ’ అనే మాటలు కనబడితే అక్కడే ఆగిపోండి. ‘ప్రత్యేక హక్కు’ అని ఉంటే మరీ ప్రమాదం, అది ఇచ్చాక ఇంకో ప్రచురణకర్తకు ఇవ్వడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. ప్రచురణ హక్కు ఇవ్వకపోయినా ఇంకో చిక్కు ఉంది. రచన ఇంతకు ముందు ఎక్కడా ప్రచురితం కాలేదని చాలా పత్రికలు హామీ పత్రం అడుగుతాయి. లింకు ఉన్న ఎవరైనా చదవగలిగే చోట మీ అధ్యాయాలు వేలాడుతుంటే ఆ పత్రం మీద సంతకం పెట్టడానికి చెయ్యి వణుకుతుంది.

ఏడో వారంలో నిర్వాహకులకు కొత్త ఆలోచన వచ్చింది. ఎవరి నవల వాళ్ళు పక్కన పెట్టి, అందరం కలిసి గొలుసు నవల రాద్దామన్నారు, తలా ఒక అధ్యాయం. గొలుసు నవల మంచి సరదా, నాకూ ఇష్టమే. కానీ అది నేను డబ్బు కట్టిన పని కాదు. పైగా 31 మంది రాసిన పుస్తకం ఎవరిది? పేరు ఎవరిది ముందు, మధ్యలో ఒకరు మానేస్తే వాళ్ళ అధ్యాయం ఏమవుతుంది, అమ్మితే వాటా ఎంత? ఉమ్మడి రచన మీద హక్కుల నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. ఒక్కరు ఒప్పుకోకపోయినా ప్రచురణ ఆగిపోయే చోట్లున్నాయి. ఇవి రాతపూర్వకంగా తేల్చుకుందామని అడిగాను. ‘నమ్మకం లేని చోట కథ పుట్టదు’ అన్నారు. ఎనిమిదో వారంలో ఆ పుస్తకం ప్రతులు సభ్యులు కనీసం ఇన్ని కొనాలన్న సందేశం వచ్చింది. నేను బయటికి వచ్చింది ఆ రోజే.

డబ్బు వాపసు అడిగితే, రెండు సెషన్లకు రానివారికి వాపసు వర్తించదన్నారు. నేను రానివి సరిగ్గా రెండు. వాటిలో ఒకటి వాళ్ళే రద్దు చేసి, మరుసటి రోజుకు మార్చినది. తదుపరి బృందంలో ఉచిత ప్రవేశం ఇస్తామన్నారు, ఆ కరుణకు నమస్కారం పెట్టి వదిలేశాను. నేను చేసిన తప్పు, నేరుగా వాళ్ళ ఖాతాకు బదిలీ చేయడం. కార్డు మీద కట్టి ఉంటే గడువులోగా బ్యాంకులో అభ్యంతరం నమోదు చేసే దారి ఉండేది. వారం వారం కట్టే ఏర్పాటు ఉందా అని అడిగి చూడండి. లేదంటే ఎందుకు లేదో కూడా అడగండి. ప్రకటనలోని హామీలను చేరిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి. నేను అడిగిన మర్నాడే ‘80 నిమిషాలు’ అన్న మాట వాళ్ళ పేజీలోంచి మాయమైంది.

ఉచిత సెషన్ చూసి మాత్రం నిర్ణయించుకోవద్దు. డబ్బు కట్టినవాళ్ళ సెషన్ ఒకటి చూడనివ్వమని అడగండి. చూడనిస్తే గడియారం పక్కన పెట్టుకుని రాత నిమిషాలు మాత్రమే లెక్కపెట్టండి.

అదే బృందంలో విసిగిపోయిన ముగ్గురితో ఇప్పుడు నేను విడిగా రాస్తున్నాను. వారానికి మూడు సాయంత్రాలు వీడియో కాల్ పెట్టుకుని, మైకులు ఆపేసుకుని, 25 నిమిషాలు రాత, 5 నిమిషాలు విరామం చొప్పున మూడు విడతలు. ఎవరి ఫైలు వాళ్ళ కంప్యూటర్లోనే ఉంటుంది. చివర్లో చెప్పుకునేది పదాల లెక్క ఒక్కటే. నిర్వాహకులు లేరు, ఫీజు లేదు. మొదటి పేజీ దగ్గర ఆగిపోయిన ఆయన ఇప్పుడు ఆరో అధ్యాయంలో ఉన్నాడు.

మరో మాట. కొత్త బృందం కోసం వాళ్ళ ప్రకటన మళ్ళీ తిరుగుతోంది. అందులో ‘ఈ రోజు 612 పదాలు రాశాను, నమ్మలేకపోతున్నాను!’ అని ఒక సభ్యురాలి ప్రశంస పేరు లేకుండా కనిపిస్తుంది. అది నాదే. ఉచిత సెషన్ రోజు చాట్‌లో రాసిన మాట. తీసేయమని రెండుసార్లు రాశాను, ఇంకా తీయలేదు.