పెద్ద చక్రాలు వేశాక గాలి ఎంత: డోరు లెక్కా, టైరు లెక్కా, బరువు లెక్కా?

ఒడిశాలో రాయగడ, కోరాపుట్, జయపురం వైపున్న మన తెలుగువాళ్లు ఈ మధ్య కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు. పదిహేను అంగుళాల చక్రాలు తీయించి పదహారో పదిహేడో వేయించాం, ఇప్పుడు గాలి ఎంత పెట్టించాలి? సరైన ప్రశ్నే. పెళ్లికైనా, పెద్దాసుపత్రికైనా ఇక్కడి తెలుగువాళ్లకు విజయనగరం, విశాఖే దిక్కు. అంటే ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, దారిలో సాలూరు ఘాటు అనే కొండ రోడ్డు. పంక్చర్ షాపు కుర్రాడు ‘ముప్పై ఐదు కొట్టేయమంటారా సార్?’ అంటాడు, మనం సరేనంటాం. చిన్న రిమ్ములు ఉన్నన్నాళ్లూ అది పెద్ద తేడా చేయదు. రిమ్ము పెద్దదయ్యాక చేస్తుంది.

ముందున్న దారులు మూడు. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద కంపెనీ ఇచ్చిన నంబరే ఉంచడం, టైరు గోడ మీద అచ్చేసిన గరిష్ఠ నంబరు దాకా నింపడం, లేదా కొత్త టైరు మోయగల బరువును బట్టి స్టిక్కర్ నంబరును సవరించుకోవడం. ఇటీవల నా కారుకు 195/55 ఆర్16 (వెడల్పు 195 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు) వేయించినప్పుడు నేను మూడోదే ఎంచుకున్నాను.

రెండోదాన్ని ముందే పక్కన పెట్టేద్దాం. టైరు మీద 44 అనో 51 అనో ఉండే నంబరు ఆ టైరు తట్టుకునే హద్దు, మీ కారుకు చెప్పిన కొలత కాదు. అంత నింపితే టైరు మధ్యభాగమే రోడ్డును పట్టుకుంటుంది, అంచులు తేలిపోతాయి. వానలో ఘాటు దిగుతూ బ్రేకు తొక్కినప్పుడు ఆ పట్టు చాలదు.

స్టిక్కర్ నంబరుకు మాత్రం గౌరవం ఇవ్వాల్సిందే. కారు బరువు, ముందు వెనుక ఇరుసుల మీద పడే భారం, బ్రేకులు, నడక అన్నీ చూసి కంపెనీ ఇచ్చిన అంకె అది. ఒకే మోడల్లో కింది వేరియంట్‌కు 185/65 ఆర్15, పై వేరియంట్‌కు 195/55 ఆర్16 ఇచ్చే కార్లు మన దగ్గర ఉన్నాయి. మీదీ అలాంటిదైతే పై వేరియంట్ స్టిక్కర్ మీదున్న నంబరు చూసుకుని అదే పెట్టించండి. చిక్కంతా కంపెనీ ఎప్పుడూ ఇవ్వని సైజు బయట వేయించుకున్నప్పుడే. స్టిక్కర్ మీది అంకె ఆ స్టిక్కర్ మీదున్న సైజుకే చెల్లుతుంది.

నా దృష్టిలో తేల్చేది లోడ్ ఇండెక్స్. సైజు పక్కనే 87వి, 88హెచ్ అని ఉంటుంది చూడండి, అందులోని అంకె ఒక్కో టైరు ఎంత బరువు మోయగలదో చెబుతుంది. 84 అంటే 500 కిలోలు, 87 అంటే 545, 88 అంటే 560. మామూలు టైరు ఆ బరువు మోసేది 36 పీఎస్ఐ (షాపులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) దగ్గర. ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువుకు చేసినది) అని రాసి ఉన్న టైరైతే 42 దగ్గర. గాలి పది శాతం తగ్గితే మోసే శక్తి దాదాపు ఎనిమిది శాతం తగ్గుతుంది. బరువును మోసేది రబ్బరు కాదు, లోపలున్న గాలి.

ఇప్పుడు ఒక కారు తీసుకుందాం. పాత టైరు 185/65 ఆర్15, లోడ్ ఇండెక్స్ 88, స్టిక్కర్ మీద 33 పీఎస్ఐ. ఆ ఒత్తిడిలో అది మోసేది ఇంచుమించు 520 కిలోలు. కొత్త టైరు కూడా అంత మోయాలి. 195/55 ఆర్16, 87 వేస్తే దానికి 34 పెడితే సరిపోతుంది. అదే 205/45 ఆర్17, 88 ఎక్స్‌ఎల్ వేస్తే 38 దాటాలి. లోడ్ ఇండెక్స్ పాతదానితో సమానంగా కనిపిస్తున్నా ఐదు పీఎస్ఐ పైగా తేడా! పదిహేడు వేయించి 33 తోనే తిరుగుతున్నవాళ్లను చూస్తే నాకు టెన్షన్ అందుకే. ఇక అదే పదిహేడులో 84 ఉన్న మామూలు టైరు వేయించారనుకోండి, నిండుగా నింపినా 500 కిలోలే. ఆ కారుకు అది గాలితో సరిదిద్దుకునే విషయం కాదు, కొనకూడని టైరు. షాపులో డిజైన్ చూసే ముందు ఈ అంకె చూడండి.

వెనక చక్రాలకు స్టిక్కర్ వేరే నంబరు చెబితే, పెంచిన తేడానే అక్కడా కలపండి. మనుషులు నిండినప్పటి నంబరు విడిగా ఇచ్చి ఉంటే, ఘాటు ప్రయాణానికి లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

గుంతల సంగతి కూడా ఇక్కడిదే. ఆ పదిహేను అంగుళాల టైరు గోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు, పదహారుకు 107, పదిహేడుకు 92. చక్రం మొత్తం ఎత్తు దాదాపు మారదు, తగ్గేది రబ్బరు గోడే. గాలి తక్కువగా ఉన్న పొట్టి గోడ టైరు వానాకాలం రోడ్డు మీద గుంత అంచుకు తగిలితే, రిమ్ముకూ రోడ్డుకూ మధ్య గోడ నలిగి లోపలి దారాలు తెగుతాయి. కొన్నాళ్లకు టైరు పక్కన కోడిగుడ్డంత బుడగ లేస్తుంది. దానికి రిపేరు లేదు, టైరు మార్చాల్సిందే. పెద్ద రిమ్ము వేశాక కుదుపు ఎక్కువైందని గాలి 28కి, 30కి దించుకునేవాళ్లు కోరి తెచ్చుకుంటున్నది ఇదే. కుదుపు తట్టుకోలేకపోతే రిమ్ము ఒక సైజు తగ్గించుకోవాలి గానీ గాలి తగ్గించకూడదు.

ఏ నంబరైనా చల్లటి టైరుకే. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా రెండు మూడు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. విజయనగరం నుంచి వస్తూ సాలూరులో గాలి కొలిచే గేజీ పెడితే 38 కనిపిస్తుంది, ఎక్కువైందని 34కి దింపించేస్తారు. ఆ టైరులో చల్లటి గాలి ఉన్నది నిజానికి 30 దగ్గరే. ఆరు డిగ్రీలు చలి పెరిగితే ఇంచుమించు ఒక పీఎస్ఐ పోతుంది. శీతాకాలం తెల్లవారుజామున కోరాపుట్‌లో అదే టైరు 28 చూపిస్తుంది. అక్కడ ఎత్తు దాదాపు 870 మీటర్లు, బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గేజీ ఒక పీఎస్ఐ పైకి జరుగుతుంది. అది కలిశాక కూడా 28! వేడి టైరులో గాలి తీయొద్దు, అంతే. తక్కువుంటే మాత్రం వేడి మీదైనా కలపాలి, ఉదయం మళ్లీ చూసుకోవాలి. రెండు మూడు వందలు పెట్టి సొంత గేజీ ఒకటి డాష్‌బోర్డులో పడేసుకుంటే షాపు గేజీ మీద ఆధారపడే పని ఉండదు.

లెక్క కుదిరిందో లేదో సుద్దముక్కతో తెలుస్తుంది. టైరు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా మందంగా గీయండి. తిన్నటి తారు రోడ్డు మీద వంద అడుగులు నడిపి చూడండి. మధ్యలోనే చెరిగితే ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. అప్పుడు ఒకటి రెండు పీఎస్ఐ అటూ ఇటూ మార్చుకోవచ్చు. లోడ్ ఇండెక్స్ చెప్పిన అంకె కంటే కిందికి మాత్రం నేను వెళ్లను.

నైట్రోజన్ గురించి అడిగేవాళ్లకు: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా కొడితే కొట్టించుకోండి, నంబరు మారదు. జీపులకూ ఎస్‌యూవీలకూ రిమ్ముతో పాటు టైరు గోడ కూడా ఎత్తయినది వేయిస్తే సాధారణంగా లోడ్ ఇండెక్స్ పెరుగుతుంది కాబట్టి స్టిక్కర్ నంబరు చాలు.

డిక్కీలో పాత పదిహేను అంగుళాల స్టెప్నీయే ఉంటే దానికి స్టిక్కర్ నంబరు కంటే మూడు నాలుగు ఎక్కువ పెట్టి ఉంచండి. నెలల తరబడి పడి ఉండి గాలి దిగుతుంది. పాత చక్రం బోల్టులు కొత్త అల్లాయ్ బోల్టులు ఒకటే రకమో కాదో కూడా షాపులోనే అడిగి తెలుసుకోండి, వేరైతే స్టెప్నీకి సరిపడే సెట్ ఒకటి సంచిలో కట్టి దాని పక్కనే పెట్టుకోండి.