జుట్టు కోసం అయిదు రకాల మాత్రలు: పద్నాలుగు నెలలు మింగాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, ఇది ఒక కంపెనీ మాత్ర మీద సమీక్ష కాదు. అయిదు డబ్బాలు బల్ల మీద వరసగా పెట్టుకుని పద్నాలుగు నెలలు మింగినదాని మీద. కంపెనీల పేర్లు రాయడం లేదు. విడివిడిగా చూస్తే ఏ డబ్బాకూ వంక పెట్టలేను. అన్నీ కలిపి మింగింది నేను.

మొదలైంది డెంగీతో. జ్వరం తగ్గి, మళ్ళీ రుషికొండ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టిన రెండున్నర నెలలకి జుట్టు రాలడం మొదలైంది. దువ్వెనకి నాలుగు వెంట్రుకలు కాదు, తలస్నానం చేస్తే బాత్రూమ్ జాలీ మూసుకుపోయి నీళ్ళు నిలిచిపోయేవి. అమ్మ ఆ ఉండ తీసి చూపిస్తూ, "ఇంత జుట్టు సింహాద్రి అప్పన్నకి ఇచ్చినా పుణ్యం దక్కేదే" అంది. నాకు నవ్వు రాలేదు.

పెద్ద జ్వరం వస్తే చాలా వెంట్రుకలు ఒకేసారి ఎదుగుదల ఆపేసి విశ్రాంతి దశలోకి వెళ్తాయని, రెండు మూడు నెలలకి అవన్నీ కలిసి రాలతాయని, తర్వాత వాటంతట అవే మళ్ళీ వస్తాయని అప్పుడు నాకు తెలీదు. తెలిసి ఉంటే ఈ కథే లేదు. టెన్షన్‌లో ఎవరేం చెబితే అది కొన్నాను. ఆఫీసులో ఒకమ్మాయి చెప్పిన హెయిర్ మాత్ర, అందులో బయోటిన్ అనే బి విటమిన్ 10 మిల్లీగ్రాములు. మందుల షాపాయన ఇచ్చిన మల్టీవిటమిన్. సెలీనియం అనే ఖనిజం, విటమిన్ ఈ ఉన్న యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్. కాడ్ లివర్ ఆయిల్. విడిగా జింక్ 50 మిల్లీగ్రాములు. ఇవి చాలవన్నట్టు సెలీనియం జుట్టుకి మంచిదని ఎక్కడో చదివి, ఆన్‌లైన్‌లో బ్రెజిల్ నట్స్ తెప్పించి పొద్దున్నే అయిదారు నమిలేదాన్ని. వారం మాత్రలు సర్దుకోవడానికి ఏడు గళ్ళ ప్లాస్టిక్ డబ్బా కూడా కొన్నాను. నట్స్‌తో కలిపి నెలకి సుమారు 2,800 రూపాయలు.

మొదటి మూడు నెలలకి నేను ఐదు నక్షత్రాలు ఇచ్చేదాన్నే. రాలడం తగ్గింది, జాలీ ఖాళీగా ఉండేది. ఆఫీసులో ఇద్దరితో ఇవే కొనిపించాను కూడా. (వాళ్ళకి తర్వాత ఫోన్ చేసి ఆపేయమని చెప్పాల్సి వచ్చింది, అది వేరే సిగ్గు.) జ్వరం వల్ల రాలేది ఎలాగూ ఆగే సమయమే అది. ఆ పేరంతా మాత్రలకి వచ్చింది. పనిచేస్తున్నాయి కదా అని ఒకటి కూడా మానలేదు.

ఎనిమిదో నెలలో మళ్ళీ మొదలైంది. ఈసారి తీరు వేరు. కుదుళ్ళ నుంచి రాలడంతో పాటు వెంట్రుక మధ్యలో పుటుక్కున తెగేది, చేత్తో ముడితే ఎండుగడ్డిలా ఉండేది. ఇంకో రెండు నెలలకి గోళ్ళు. బొటనవేలి గోరు మీద అడ్డంగా తెల్లటి గీత పడింది, చీర కొంగు తగిలినా గోరు చివర పెచ్చులా ఊడి వచ్చేది. సముద్రపు గాలి, బోరు నీళ్ళు అనుకున్నాను. మా ఎంవీపీ కాలనీలో జుట్టు గురించి ఏ మాట వచ్చినా నెపం ఆ రెండింటి మీదకే పోతుంది.

అసలు గుట్టు పట్టింది అమ్మే, తనకి తెలీకుండా. ఒక రోజు పొద్దున్న కాఫీ ఇస్తూ ముక్కు చిట్లించి, "ఏటే, పొద్దున్నే ఎల్లుల్లి కారం గాని తిన్నావేటి?" అంది. తినలేదు. మర్నాడూ అదే మాట. రెండుసార్లు పళ్ళు తోముకున్నా నోట్లో వెల్లుల్లి వాసన, దానికి తోడు ఏదో లోహపు రుచి. ఆఫీసు క్యాబ్‌లో నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని మాట్లాడేదాన్ని.

చర్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది జుట్టు కోసమే. కానీ దానికి ముందు ఇంకో హడావుడి జరిగింది. వేరే చోట చేయించిన థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్, టీ4 అనే హార్మోన్లలో మొదటిది బాగా తక్కువ, రెండోది ఎక్కువ అని వచ్చింది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందన్నారు. రెండు రాత్రులు నిద్ర లేదు. డాక్టరమ్మ ఆ కాగితం చూసి అడిగిన మొదటి ప్రశ్న: "బయోటిన్ వేసుకుంటున్నారా?" రోజుకి మనిషికి కావాల్సిన బయోటిన్ 30 నుంచి 40 మైక్రోగ్రాములు. నేను మింగుతున్నది 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు. అదనపు బయోటిన్ మూత్రంలో పోతుంది గానీ, పోయేలోపు కొన్ని రక్త పరీక్షలని తప్పుదారి పట్టిస్తుంది. గుండెపోటు అనుమానం వచ్చినప్పుడు చేసే ట్రోపోనిన్ పరీక్షలో కూడా అసలు కంటే తక్కువ చూపించవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. వారం ఆపి మళ్ళీ చేయిస్తే నా థైరాయిడ్ మామూలే.

రెండోసారి వెళ్ళినప్పుడు డబ్బాలన్నీ తెమ్మన్నారు. సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెడుతుంటే ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని, చీటీ వెనక పెన్నుతో కూడిక మొదలుపెట్టారు. సెలీనియం: మల్టీవిటమిన్‌లో 65, హెయిర్ మాత్రలో 55, క్యాప్సూల్‌లో 100. మొత్తం 220 మైక్రోగ్రాములు. పెద్దవాళ్ళకి పరిమితి 400 కాబట్టి అక్కడిదాకా ఫర్వాలేదు. "ఇంకేమైనా తింటున్నారా?" అన్నారు. బ్రెజిల్ నట్స్ అన్నాను. పెన్ను ఆగింది. ఆరు నుంచి ఎనిమిది గింజల్లోనే సుమారు 544 మైక్రోగ్రాములు ఉంటుందట, పండిన నేలని బట్టి ఇంకా మారుతుందట. అంటే మాత్రల్ని పక్కన పెట్టినా, ఆరోగ్యకరమని నేను నమిలిన గింజలే దాదాపు గీత దగ్గరికి తీసుకెళ్ళాయి. మాత్రలు వెనక నుంచి తోశాయి.

వెల్లుల్లి వాసన కూడా అక్కడే తేలింది. ఎక్కువైన సెలీనియాన్ని ఒళ్ళు ఒక వాయువుగా మార్చి ఊపిరిలో బయటికి పంపుతుంది, ఆ వాసన అచ్చం వెల్లుల్లిలా ఉంటుంది. 2008లో అమెరికాలో ఒక ద్రవ సప్లిమెంట్‌లో పొరపాటున లేబుల్ మీద రాసినదానికి 200 రెట్లు సెలీనియం పడి, 201 మంది జబ్బుపడ్డారని, వాళ్ళలో చాలామందికి జుట్టు రాలి గోళ్ళు పాడయ్యాయని ఆవిడ చెప్పారు. నాది అంత ఘోరం కాదు. దారి మాత్రం అదే.

తర్వాత విటమిన్ ఏ. దీనికి రోజు పరిమితి 3,000 మైక్రోగ్రాముల రెటినాల్. మల్టీవిటమిన్, కాడ్ లివర్ ఆయిల్ కలిపి నాది ఆ పరిమితికి కొంచెం ఇవతలే ఆగింది. బయోటిన్‌లా ఇది మూత్రంలో పోయే రకం కాదు, కాలేయంలో పేరుకుపోతుంది. ఎక్కువైతే జుట్టు రాలుతుంది, పెదాలు పగులుతాయి. క్యారెట్లు, మునగాకు తిన్నవాళ్ళు భయపడక్కర్లేదు, వాటిలో ఉండే బీటా కెరోటిన్‌ని ఒళ్ళు కావలసినంతే మార్చుకుంటుంది. జింక్ పరిమితి రోజుకి 40 మిల్లీగ్రాములు అయితే నేను 50 విడిగా, మల్టీవిటమిన్‌లో ఇంకొంత. అలా నెలల తరబడి వేసుకుంటే రాగి (కాపర్) ఒంటికి సరిగా పట్టదు.

"వీటిలో ఏది చేసింది?" అని అడిగాను. ఖచ్చితంగా ఒకదాని మీద వేలు పెట్టలేనని, వాసన, గోళ్ళు చూస్తే ఎక్కువ అనుమానం సెలీనియం మీదేనని అన్నారు. ఐరన్ నిల్వలు బాగున్నాయి. తక్కువగా ఉన్నది విటమిన్ డి ఒక్కటే. చిత్రం ఏంటంటే, అన్నేసి డబ్బాలు కొన్న నేను దానికి ఒక్క మాత్ర కూడా విడిగా కొనలేదు.

అన్నీ ఒకే రోజు ఆపేశాను. వాసన కొన్ని వారాల్లో పోయింది. జుట్టు మాత్రం మొదటి రెండు నెలలూ రాలుతూనే ఉంది. అప్పుడే చెయ్యి మళ్ళీ డబ్బా మీదకి పోతుంది, నాకూ పోయింది. ఇప్పుడు రాలుతున్నవి మూడు నెలల కిందట దెబ్బతిన్నవి అని డాక్టరమ్మ చెప్పిన మాట పట్టుకుని ఆగాను. మూడో నెల నుంచి తగ్గింది. టిఫిన్ మానేసి నట్స్ నమిలే అలవాటు పోయి రెండు గుడ్లు, మధ్యాహ్నం పప్పు వచ్చాయి. రైతు బజారు ఖర్చు పెరిగింది, మందుల ఖర్చు ముందు అదెంత.

ఐరన్ గానీ డి విటమిన్ గానీ తక్కువని పరీక్షలో తేలినవాళ్ళకి మాత్రలు పనిచేస్తాయి, వాళ్ళని నేను ఆపను. ఏ పరీక్షా లేకుండా నాలా అయిదు తెచ్చుకునేవాళ్ళకి నా రేటింగ్ ఐదుకి ఒకటి. ఆ ఒకటి కూడా బ్రెజిల్ నట్స్ రుచికి.

ఆపేసి ఇప్పటికి ఏడు నెలలు. జుట్టు నెలకి సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి జడ లావు ఇంకా రాలేదు. నుదుటి మీద మాత్రం పొట్టి వెంట్రుకలు వరసగా నిలబడ్డాయి, బీచ్ రోడ్డులో గాలి కొడితే ముళ్ళపందిలా లేస్తున్నాయి. నూనె రాసి అణచమంటుంది అమ్మ. ఏడు గళ్ళ డబ్బా తన బీపీ మాత్రలకి తీసుకుంది, గడికి ఒకటే మాత్ర.