వెనక కెమెరా రెండుసార్లు బాగుపడిన పికప్: ఆరేళ్ల తర్వాత

2019 వేసవిలో ఈ పికప్‌ను కొత్తదిగా కొన్నాను. 71 వేల మైళ్లు తిరిగింది. ఇంజను, మైలేజీ, సీట్ల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను. కంపెనీ పేరు కూడా రాయను. నా గొడవంతా వెనక కెమెరాతోనే.

మొదటి ఏడాది ఆ కెమెరాను నేను పొగడని రోజు లేదు. అంతకుముందు ట్రెయిలర్ తగిలించాలంటే మా ఆవిడ వెనక నిలబడి చేతులు ఊపుతూ "ఇంకొంచెం రండి, ఇంకొంచెం, ఆగండి, ఆగమన్నానా!" అనేది. మా కాపురంలో సగం తగాదాలు అక్కడ పుట్టినవే. ఈ బండి వచ్చాక తెర మీది గీతను చూసుకుంటూ ఒక్కడినే, ఒక్క ప్రయత్నంలో తగిలించేవాడిని. ఇద్దరు మిత్రులకు ఈ ఒక్క కారణం చెప్పి ఇదే బండి కొనిపించాను. వాళ్లిద్దరూ నన్ను క్షమించారనే అనుకుంటున్నాను.

మేముండేది ఒహాయోలో, క్లీవ్‌ల్యాండ్‌కు దగ్గరగా. చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. 2021 డిసెంబరులో ఒక ఉదయం రివర్స్ గేరు వేస్తే తెర నల్లగా ఉండిపోయింది. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే బొమ్మ వచ్చింది. చలికి అలా అయిందేమో అనుకున్నాను. తర్వాత వారానికోసారి, ఆపైన రెండు రోజులకోసారి అదే తంతు. నేను దాన్ని రేడియో సరిగ్గా పలకకపోవడం లాంటి చిన్న చికాకుగానే లెక్కవేశాను.

ఫిబ్రవరిలో ఒక రోజు ఆఫీసుకు ఆలస్యమవుతోంది. తెర మళ్లీ నల్లబడింది. అద్దాల్లో చూసుకుంటూ వెనక్కి పోదామని బ్రేకు మీద నుంచి కాలు తీయబోయాను. అంతలో టిఫిన్ డబ్బా ఇంట్లోనే మరిచిపోయానని గుర్తొచ్చి దిగాను. డబ్బా తీసుకుని తిరిగి వస్తుంటే కనిపించింది, వెనక బంపరుకు రెండడుగుల దూరంలో పక్కింటి పాప మూడు చక్రాల సైకిలు. పాప లేదు. ముందురోజు సాయంత్రం ఆడుకుని అక్కడే వదిలేసిందట. పికప్ వెనక తలుపు నా ఛాతీ ఎత్తు ఉంటుంది. దాని వెనక మూడేళ్ల పిల్ల నిలబడితే ఏ అద్దంలోనూ కనిపించదు. ఆ రోజు నేను ఆఫీసుకు వెళ్లలేదు. సైకిలును వాళ్ల వసారాలో పెట్టి వచ్చి చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాను.

కెమెరా అనేది సోకు కాదని, చట్టం పెట్టించిన వస్తువని ఆ రోజే చదివి తెలుసుకున్నాను. 2002లో క్యామరన్ గల్‌బ్రాన్సన్ అనే రెండేళ్ల పిల్లవాడు, ఇంటి ముందు తండ్రి బండి వెనక్కి తీస్తుండగా దాని కింద పడి చనిపోయాడు. 2008లో ఆ పిల్లవాడి పేరుతోనే చట్టం చేశారు. నిబంధన ఖరారు కావడానికి 2014 వచ్చింది. 2018 మే 1 నుంచి 10 వేల పౌండ్ల లోపు కొత్త బండ్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి అయింది. బండి వెనక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న జాగా తెర మీద కనిపించాలి, రివర్స్ గేరు వేసిన రెండు సెకన్లలో బొమ్మ రావాలి. నా బండిలో రెండు నిమిషాలకు కూడా రావడం లేదు.

డీలరు దగ్గరికి తీసుకెళితే బండి బుద్ధిమంతుడిలా ప్రవర్తించింది. "మాకు సమస్య కనిపించలేదు" అని కాగితం మీద రాసిచ్చి, వారంటీ అయిపోయింది కాబట్టి పరీక్ష రుసుము 160 డాలర్లు తీసుకున్నారు. రెండోసారి ఫోనులో వీడియో తీసుకెళ్లాను. కెమెరా మార్చాలి, 700 డాలర్లు అన్నారు. మార్చితే తప్పకుండా బాగుపడుతుందా అంటే సర్వీసు మేనేజరు పైకప్పు వైపు చూశాడు.

ఆ రాత్రే నిట్సాకు, అంటే బండ్ల భద్రత చూసే సమాఖ్య ప్రభుత్వ సంస్థకు, ఫిర్యాదు రాశాను. పావుగంట పని. బండి 17 అక్షరాల గుర్తింపు సంఖ్య, ఎన్ని మైళ్లు తిరిగింది, ఏ రోజు ఏం జరిగింది, అంతే. సైకిలు సంగతి కూడా రాశాను. మన వివరాలు తీసేసి ఫిర్యాదును అందరూ చూసేలా పెడతారు. అప్పుడే అదే మోడల్ మీద మిగతావాళ్లు రాసినవి చదివాను. ఎక్కడో టెక్సస్ ఎండలో ఒకరికి, మిన్నెసోటా మంచులో ఇంకొకరికి అదే నల్ల తెర. నా ఒక్కడి బండికే దిష్టి తగిలిందనుకున్నాను ఇన్నాళ్లూ! ఒక్క ఫిర్యాదుతో ఎవరూ పరుగెత్తుకు రారు. ఒకే లోపం మీద ఉత్తరాలు పోగైతే ప్రాథమిక విచారణ తెరుస్తారు, పస ఉందనిపిస్తే దాన్ని ఇంజనీరింగ్ పరిశీలనకు పెంచుతారు. మా మోడల్‌కు మొదటి మెట్టు దాటేలోపే కంపెనీ తనంతట తాను రీకాల్ ప్రకటించింది, అంటే లోపాన్ని ఉచితంగా సరిచేస్తామని బండ్లను వెనక్కి పిలిచింది. "తనంతట తాను" అన్నది వాళ్ల మాట.

లోపం ఉందని కంపెనీ తేల్చుకున్నాక ఐదు పనిదినాల్లో నిట్సాకు చెప్పాలి, 60 రోజుల్లో యజమానులకు ఉత్తరం వేయాలి. ఉత్తరం వచ్చింది. మీ బండిలో భద్రతా లోపం ఉంది, విరుగుడు ఇంకా సిద్ధం కాలేదు, సిద్ధమయ్యాక మళ్లీ రాస్తాం అని అందులోని సారాంశం. అయిదు నెలలు ఆ ఉత్తరం మా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. ఆ అయిదు నెలలూ మా ఆవిడ మళ్లీ వెనక నిలబడి చేతులు ఊపింది.

2023లో రెండో ఉత్తరం వచ్చింది, సాఫ్ట్‌వేర్ మారుస్తారట. ఉచితమే, గంటలో అయిపోయింది. వేసవంతా కెమెరా చక్కగా పనిచేసింది. ఒక మిత్రుడికి ఫోన్ చేసి బండిని మళ్లీ పొగిడాను కూడా. నవంబరులో మొదటి మంచు పడింది, తెర నల్లబడింది.

ఈసారి నేనే తలుపు దగ్గర చూశాను. కెమెరా వెనక తలుపు పిడిలో ఉంటుంది. దాని తీగ తలుపు కీలు పక్కగా లోపలికి పోతుంది. తలుపు దించినప్పుడల్లా ఆ తీగ మడత పడుతుంది. పికప్ కొన్నవాడు తలుపు దించకుండా ఉంటాడా? తలుపును సగం దించి తీగను వేలితో కదిపితే బొమ్మ వచ్చి పోతోంది. లోపం తీగలో ఉంటే మందు సాఫ్ట్‌వేర్‌కు వేశారు! అన్నట్టు, పికప్ తలుపుకు ఉప్పు శత్రువన్నది పాత కథే. తలుపును పట్టి ఉంచే ఉక్కు తీగలు తుప్పు పట్టి తెగుతున్నాయని 2004లో జనరల్ మోటార్స్ దాదాపు 40 లక్షల పికప్‌లను వెనక్కి పిలిచింది.

తీగను కదుపుతూ తీసిన వీడియో సంగతి వివరిస్తూ మళ్లీ ఫిర్యాదు రాశాను. చేసిన రీకాల్ సరిపోయిందా అని నిట్సా విడిగా విచారించవచ్చు. మా మోడల్ మీద అలాంటి విచారణ మొదలైంది. ఆ కాలంలోనే, 2024 నవంబరులో, వెనక కెమెరాల రీకాల్‌ను సకాలంలో చేయలేదన్న కేసులో ఫోర్డ్ 16.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. నిట్సా చరిత్రలో, టకాటా అనే కంపెనీ లోపమున్న ఎయిర్‌బ్యాగుల కేసులో వేసిన జరిమానా తర్వాత అదే పెద్దది. నా బండి ఫోర్డ్ కాదు, కానీ ఆ వార్త చదివాక మా కంపెనీ చురుకు పెరిగిందని నా అనుమానం. రెండో రీకాల్ వచ్చింది, తీగ, కెమెరా రెండూ మార్చారు. ఒక చలికాలం గడిచింది, తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు.

రీకాల్‌కు ముందే సొంత డబ్బుతో బాగు చేయించుకుంటే రసీదు చూపి తిరిగి పొందవచ్చని ఉత్తరంలో ఉంది. నా 160 డాలర్ల రసీదు పంపాను. అది పరీక్ష రుసుమే, మరమ్మతు కాదు కాబట్టి రాదన్నారు. డీలరు బాగు చేసి ఉంటే డబ్బు వచ్చేది, చేయలేదు కాబట్టి రాలేదు.

కొనమంటానా? మాకు వాలుగా దిగే డ్రైవ్‌వే ఉంది, పక్కింట్లో చిన్నపిల్లలున్నారు, నెలకు రెండుసార్లు పడవ ట్రెయిలర్ లాగుతాను. ఇవేవీ లేనివాళ్లకు నా గోడు అతిగా అనిపించవచ్చు. మంచు, ఉప్పు లేని ఊళ్లలో ఆ తీగ ఇంకొన్నాళ్లు బతికేదేమో కూడా. పాతది కొనేవాళ్లు మాత్రం డబ్బు ఇచ్చే ముందు ఆ 17 అక్షరాలు నిట్సా సైటులో కొట్టి చూడండి. రీకాల్ పని పూర్తికాని కొత్త బండిని డీలరు అమ్మకూడదు గానీ, పాత బండికి సమాఖ్య చట్టంలో ఆ అడ్డు లేదు.

నేను ఇప్పటికీ వెనక్కి తీసే ముందు దిగి ఒకసారి బండి చుట్టూ తిరిగి వస్తాను. ప్రతి నెల మొదటి తేదీన సంఖ్య కొట్టి చూస్తాను. ఈ నెల చూస్తే కొత్తది ఒకటి కనిపించింది, వైపర్ మోటారుదట. విరుగుడు ఇంకా సిద్ధం కాలేదట.