పట్టుకు ముందు అడుగు: విశాఖలో కాలేజీ కబడ్డీ డిఫెన్స్ శిబిరంపై సమీక్ష

వేసవి కబడ్డీ శిబిరం అంటే గంటన్నర రైడింగ్, చివర్లో పావుగంట పట్లు. చాలాచోట్ల లెక్క ఇదే. ఎంవీపీ కాలనీ వైపు నడుస్తున్న ఈ శిబిరం అలా కాదు, నాలుగు వారాలూ డిఫెన్సే నేర్పుతుంది. పొద్దున్న 5:30 నుంచి 7:30 వరకు, ఆదివారం సెలవు. మనిషికి 2,500 రూపాయలు. ఒకే కాలేజీ నుంచి ఏడుగురు కలిసి చేరితే తగ్గిస్తారు, వీలైతే అలాగే చేరండి. కారణం డబ్బు ఒక్కటే కాదు, అది తర్వాత చెబుతాం.

ముందు అసలు సంగతి. డిఫెండర్‌ను ట్యాకిల్ పాయింట్లతో కొలిస్తే సగం ఆటే కనిపిస్తుంది. 40 నిమిషాల మ్యాచ్‌లో, రైడ్‌కు 30 సెకన్ల చొప్పున చూసుకున్నా, ఒక జట్టు దాదాపు 40 సార్లు డిఫెన్స్‌లో నిలబడాలి. అందులో ఒక కార్నర్ (మూలలో నిలబడే డిఫెండర్) పట్టుకు దిగేది ఏ ఏడెనిమిదిసార్లో. మిగతా ముప్ఫైకి పైగా రైడ్లలో అతను ఎక్కడ నిలబడ్డాడు, పక్కవాడి చెయ్యి ఎప్పుడు వదిలాడు, దారి మూశాడా లేదా అన్నవి స్కోరు షీటులో ఉండవు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లోనూ ఇదే చిక్కు. అక్కడ అఫెన్సివ్ లైన్‌లో, అంటే బంతి ఉన్న జట్టు ముందు వరుసలో, సెంటర్, ఇద్దరు గార్డులు, ఇద్దరు ట్యాకిళ్లు కలిపి ఐదుగురుంటారు. దాదాపు ఆట మొత్తం వాళ్లు బంతి పట్టరు, స్కోరు లెక్కల్లో వాళ్లకు చోటు ఉండదు. అందుకే కోచ్‌లు వీడియో పెట్టుకుని ప్రతి ఆటకూ ఒక్కొక్కరికి విడిగా మార్కు వేస్తారు. మన కాలేజీ కబడ్డీలో ఆ అలవాటు లేదు. ఈ శిబిరంలో ఉంది. దీని గురించి రాయాలనిపించింది అందుకే.

వీళ్ల పద్ధతి ఇది. వారానికి రెండు ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఆడిస్తారు. ప్రతి రైడ్‌లో ఏడుగురికీ నాలుగు గళ్లు ఉంటాయి: చోటు, సమయం, తోడు, ముగింపు. సరిగ్గా చేస్తే గీత, తప్పితే సున్నా. 'చోటు' అంటే రైడర్ మధ్య గీత దాటేసరికి తన లోతులో తాను ఉన్నాడా అని. 'సమయం' అంటే తొందరపడ్డాడా, ఆలస్యమయ్యాడా అని. 'తోడు' అంటే పక్కవాడు దిగినప్పుడు తానూ కదిలాడా అని. 'ముగింపు' అంటే పట్టు పడ్డాక రైడర్ కింద పడి కదలకుండా అయ్యేదాకా బరువు వేశాడా అని. మూడో గడిలో సున్నాలు ఎక్కువున్న కుర్రాడికి ట్యాకిల్ పాయింట్లు బాగానే ఉండొచ్చు. అతని పక్కవాడే ప్రతిసారీ ఔటై బెంచీ ఎక్కుతుంటాడు.

కార్నర్ యాంకిల్ హోల్డ్‌కు, అంటే చీలమండ పట్టుకు, దిగుతాడు, కాలు చేతికి చిక్కుతుంది, రైడర్ లాక్కుంటూ వెళ్లి మధ్య గీత తాకేస్తాడు. గ్రౌండు చుట్టూ ఉన్నవాళ్లంతా కార్నర్‌ను తిడతారు. ఈ శిబిరంలో మాత్రం కోచ్ గారు అక్కడ ఆట ఆపి ముందు కవర్‌ను (మధ్య భాగంలో నిలబడే డిఫెండర్‌ను) పిలుస్తారు. అది సరైన పని. లెక్క చూడండి. మగవాళ్ల కోర్టులో బోనస్ గీత మధ్య గీతకు 4.75 మీటర్ల దూరంలో ఉంటుంది. ఆరడుగుల రైడర్ బోర్లా పడి చెయ్యి చాచితే చీలమండ నుంచి వేలి కొసదాకా రెండు మీటర్లు దాటుతుంది. అంటే బోనస్ గీత దగ్గర చీలమండ దొరికినా రైడర్ ఇంకో రెండున్నర మీటర్లు ఈడ్చుకెళితే చాలు, కార్నర్ పాయింటు ఇచ్చేసినట్టే. అంత దూరం ఈడ్వనివ్వకుండా ఆపాల్సింది కార్నర్ చేతులు కాదు, కవర్ భుజం. కాలు దొరికిన క్షణంలోనే కవర్ నడుముకు గాని తొడకు గాని తగలాలి. ఒక అడుగు ఆలస్యమైనా తప్పు కవర్‌దే, ఔటయ్యేది మాత్రం కార్నర్.

యాంకిల్ హోల్డ్ నేర్పే తీరు శిబిరం మొత్తంలో మెచ్చుకోదగ్గది. బోనస్ రావాలంటే రైడర్ ముందు కాలు గీత అవతల ఆనాలి, వెనక కాలు గాల్లో ఉండాలి. కోర్టులో ఆరుగురో ఏడుగురో ఉంటేనే ఆ పాయింటు. వెనక కాలు లేచిన ఆ రెప్పపాటులో రైడర్ బరువంతా ముందు పాదం మీదే ఉంటుంది, ఆ కాలు వెనక్కు తీసుకోవడం అతని వల్ల కాదు. పట్టాల్సింది అప్పుడే. మొదటి వారమంతా చేతులు వెనక్కు కట్టుకుని చూడటమే పని. రైడర్ వెనక మడమ లేవగానే కార్నర్ నోటితో 'ఇప్పుడు' అనాలి. దిగకూడదు. వంద మాటల్లో తొంభై సరైన క్షణంలో పడ్డాకే చేతులు వాడనిస్తారు. కుర్రాళ్లకు విసుగు పుట్టే డ్రిల్లే. కానీ అడ్వాన్స్ ట్యాకిల్, అంటే తొందరపడి ముందే పట్టుకు దిగడం అనే జబ్బుకు ఇంతకన్నా మందు లేదు.

చేతులు వాడటం మొదలయ్యాక కోచ్ గారు సరిచేసే తప్పులు మూడు. ఒకటి, తల. తల రైడర్ మోకాలికి ఎదురుగా వెళ్లకూడదు, తొడకు బయటి పక్కన చెంప ఆనించాలి. ఎదురుగా పెడితే మోకాలు వచ్చి దవడకు తగులుతుంది. రెండు, వేళ్లు. వేళ్లు విప్పి పైనుంచి వేస్తే ఉంగరం వేలు, చిటికెన వేలు బెణుకుతాయి. రెండు అరచేతులూ చీలమండకు వెనకనుంచి చుట్టి, ఒక చెయ్యి రెండో చేతి మణికట్టు పట్టాలి. మూడు, లాగే దిశ. చాలామంది కాలిని పైకెత్తుతారు. ఎత్తితే రైడర్ రెండో కాలితో గెంతుతూ ముందుకు పోతాడు. పాదాన్ని పొట్టకు హత్తుకుని, పిరుదులు నేలకు దించి, ఎండ్ లైన్ (కోర్టు వెనక గీత) వైపు కూలబడాలి. బోనస్ గీతకూ ఎండ్ లైన్‌కూ మధ్య ఉన్నది 1.75 మీటర్లే కాబట్టి కార్నర్ మరీ వెనక నిలబడితే ఔటయ్యే ప్రమాదం ఉంది. అరమీటరు ఖాళీ ఉంచుకుని నిలబడమంటారు.

గొలుసు పని, అంటే డిఫెండర్లు చేతులు పట్టుకుని కలిసి కదలడం, రెండో వారంలో మొదలవుతుంది. ఏడుగురూ ఉన్నప్పుడు 2-3-2: ఎడమ కార్నర్, అతని పక్కన నిలబడే ఎడమ ఇన్ ఒక జత, కుడివైపు అలాంటిదే ఇంకో జత, మధ్యలో ఇద్దరు కవర్లు, సెంటర్. చేతులు పట్టుకునే తీరు చిన్న విషయంలా కనిపిస్తుంది గాని చాలా గొలుసులు తెగేది అక్కడే. వేళ్ల మధ్య వేళ్లు జొనిపి పట్టుకుంటే విడిపించుకోవడానికి సమయం పడుతుంది, కార్నర్ దిగబోయే క్షణంలో ఇన్ అతన్ని వెనక్కు గుంజినట్టవుతుంది. నాలుగు వేళ్లు కొక్కెంలా వంచి తగిలిస్తే ఊ అనగానే ఊడొస్తుంది. ఇన్‌కు ఇక్కడ ఇంకో పని కూడా ఉంది. రైడర్ మీదికి వస్తున్నప్పుడు కార్నర్ ముందుకు తూలకుండా ఆ చేత్తోనే ఆపాలి. ఇన్ ఉన్నదే దానికి.

ఎదురు కార్నర్ పని దీనికంటే కష్టం. రైడర్ ఎడమ మూలకు వెళ్లగానే కుడి కార్నర్, కుడి కవర్ వాకిలి తలుపు మూసినట్టు మధ్య గీత వైపు చుట్టుకు రావాలి. తలుపు ముందే మూస్తే రైడర్ వెనక్కి తిరిగి ఒక బ్యాక్ కిక్‌తో ఇద్దర్నీ ఔట్ చేస్తాడు, ఆలస్యంగా మూస్తే దారి తెరిచే ఉంటుంది. కొలత ఏమిటంటే, రైడర్ తుంటి మూలవైపు తిరిగేదాకా అడుగు వేయొద్దు. కళ్లు చేతుల మీద గాని మొహం మీద గాని ఉండకూడదు, తుంటి మీద ఉండాలి. చేతులూ మొహమూ మోసం చేస్తాయి, తుంటి చేయదు.

2017లో గుజరాత్ జట్టు ప్రో కబడ్డీలో అడుగుపెట్టిన ఏడాదే ఫైనల్‌కు వెళ్లింది. మూలల్లో ఫజెల్ అత్రాచలి, అబోజర్ మిఘానీ, కవర్లుగా సునీల్ కుమార్, పర్వేశ్ భైన్స్‌వాల్. కాలేజీ కుర్రాళ్లు యూట్యూబ్‌లో ఫజెల్ పట్లు చూస్తారు. చూడాల్సింది ఫజెల్ కాలు పట్టిన క్షణంలో కవర్లిద్దరూ ఎక్కడున్నారన్నది. శిబిరంలో ఇలాంటి వీడియోలు మూడుసార్లు చూపిస్తారు: మొదటిసారి కార్నర్ పాదాలు, రెండోసారి కవర్ తుంటి, మూడోసారి ఎదురు మూల. 2025 ఆగస్టు 29న ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ మన విశాఖలోనే మొదలయ్యాక ఊళ్లో కబడ్డీ నేర్చుకోవాలన్న పిల్లలు పెరిగారు. వాళ్లకు ఆట చూడటం నేర్పేవాళ్లు కూడా కావాలి.

ఇక లోపాలు. చిన్నవేం కావు.

ప్రాక్టీస్ మ్యాచ్‌లను కోర్టు పక్కనుంచి మాత్రమే ఫోన్‌తో తీస్తున్నారు. పక్కనుంచి తీస్తే లోతు తెలుస్తుంది, ఎవరు ముందుకొచ్చారో కనిపిస్తుంది. కాని కవర్ల మధ్య ఖాళీ, ఎదురు మూల తలుపు మూసిన సమయం తెలియవు. 'తోడు' గడికి మార్కు వేయాలంటే ఎండ్ లైన్ వెనకనుంచి, పదడుగుల ఎత్తులో రెండో ఫోన్ ఉండాలి. అమెరికా లైన్ కోచ్‌లు ఎండ్ జోన్ వెనకనుంచి తీసిన వీడియో పట్టుకుని కూర్చునేది ఇందుకే. ఒక నిచ్చెన, ఒక స్టాండు కొంటే తీరిపోయే లోపం ఇది. ఇన్నాళ్లూ తీర్చకపోవడం బాగోలేదు.

డాష్ నేర్పడం బలహీనం. కవర్ రైడర్‌ను బయటికి నెట్టాలంటే లాబీ గీత ఎక్కడుందో ఒంటికి తెలియాలి. టచ్ జరగకముందు లాబీలో కాలు పెట్టిన డిఫెండర్ ఔట్, టచ్ అయ్యాక లాబీ కూడా ఆటలోదే. కోర్టు 10 మీటర్ల వెడల్పులో అటో మీటరు, ఇటో మీటరు లాబీ. ఇక్కడ మీటరు చదరపు మ్యాట్ ముక్కలు 130 ఉండాల్సిన చోట ఒక వరుస తక్కువ వేశారు, దాంతో ఒక పక్క లాబీయే లేదు. అటువైపు డాష్ నేర్చుకున్న కుర్రాడు మ్యాచ్‌లో ఒక అడుగు ముందే ఆగిపోతాడు.

సూపర్ ట్యాకిల్‌కు ఇచ్చింది రెండు రోజులే. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పట్టు పడితే ఒక పాయింటు అదనం. చతికిలబడితే ఆలౌట్, ఎదుటి జట్టుకు రెండు పాయింట్లు అదనంగా పోతాయి. కాలేజీ మ్యాచ్‌లు తిరగబడేది ఈ ఘట్టంలోనే. ముగ్గురున్నప్పుడు గొలుసు పనికిరాదు, ఒకరు ఎరగా నిలబడి ఇద్దరు లోపలికి కమ్ముకోవాలి. దీనికి కనీసం వారం కావాలి.

విశాఖ ఉక్క గురించి ఒక మాట. ఏడు గంటలకల్లా ఒళ్లు తడిసి ముద్దవుతుంది. చెమట పట్టిన తొడ మీద థై హోల్డ్ నిలవదు. బట్ట పట్టుకుంటే ఫౌల్. కాబట్టి కష్టమైన పట్లన్నీ మొదటి గంటలో, గొలుసు నడకలు రెండో గంటలో పెట్టాలి. ఇక్కడ తిరగేసి పెట్టారు. మ్యాట్‌ను పది నిమిషాలకోసారి పొడిగుడ్డతో తుడుస్తున్నారు, అది మంచి పని. సముద్రపు గాలికి కొట్టుకొచ్చే సన్న ఇసుక వల్ల షూ అడుగు జారుతుంది కాబట్టి లోపలికి వచ్చేముందు షూ దులపమంటారు, దులపండి. ఎర్రమట్టి గ్రౌండు మీద ఆడి అలవాటైన వాళ్లు మొదటి నాలుగు రోజులు జాగ్రత్తగా ఉండాలి. మట్టి మీద కాలు జారి తప్పించుకుంటుంది, మ్యాట్ మీద షూ అతుక్కుపోయి మోకాలు మెలిపడుతుంది. వార్మప్ 12 నిమిషాలే ఇస్తున్నారు. మీరు పావుగంట ముందే వెళ్లి తుంటికీ మెడకూ కసరత్తు సొంతంగా చేసుకోండి.

ఏడుగురు కలిసి చేరమన్నది ఇందుకు. ఒంటరిగా చేరినవాళ్లను రోజుకో జతలో వేస్తారు. చెయ్యి కొక్కెం వేసే మనిషి రోజూ మారితే కార్నర్, ఇన్ మధ్య లయ కుదరదు. కనీసం కార్నర్, ఇన్, కవర్ ముగ్గురూ ఒకే కాలేజీ వాళ్లయితే ఆ 2,500కు విలువ దొరుకుతుంది. రైడర్‌గా మెరుగుపడదామని వచ్చేవాళ్లకు ఇది చోటు కాదు.

అమ్మాయిల బ్యాచ్ సాయంత్రం 4:30కి. అదే మ్యాట్, అవే గీతలు. ఆడవాళ్ల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. బోనస్ గీత మధ్య గీతకు 4 మీటర్ల దూరంలోనే ఉండాలి. మగవాళ్ల గీతల మీద నేర్చుకున్న కార్నర్ ముప్పావు మీటరు వెనక నిలబడటం అలవాటు చేసుకుంటుంది, అసలు పోటీలో ఎండ్ లైన్ మడమ కిందికి వచ్చేస్తుంది. పసుపు రంగు టేపు రెండు చుట్లు తెచ్చి గీతలు వేసేదాకా అమ్మాయిల జట్లు ఆగడమే మేలు. చేరేముందు ఫోన్ చేసి ఆ గీతలు వేశారా అని అడగండి.