కాంట్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి: ప్రొలెగోమెనానా, క్రిటికా?

హనుమకొండలో తత్వశాస్త్రం ఎంఏ చదివే పిల్లలు కొందరు ఆదివారాలు మా ఇంటికి వస్తుంటారు. సగం మంది దూరవిద్య వాళ్లు, మిగతావాళ్లు హైదరాబాద్‌లో సీటు తెచ్చుకుని సెలవులకు ఇంటికొచ్చినవాళ్లు. డిగ్రీలో బీఎస్సీయో బీకామో చేసి వచ్చినవాళ్లే ఎక్కువ. సిలబస్‌లో జర్మన్ తత్వవేత్త కాంట్ పేరు కనబడగానే టెన్షన్ మొదలవుతుంది. "పరీక్షకైతే చిన్న పుస్తకం చాలు గద సార్?" అని అడుగుతారు. చిన్న పుస్తకం అంటే 1783 నాటి ప్రొలెగోమెనా. పెద్దది క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్. అది 1781లో వచ్చింది, 1787లో కాంట్ కొన్ని ముఖ్యమైన భాగాలను తిరగరాశాడు.

డిసర్టేషన్ గానీ, ఆపైన పీహెచ్‌డీ గానీ మనసులో ఉంటే క్రిటిక్‌తోనే మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

ప్రొలెగోమెనాను తక్కువ చేయడం లేదు. క్రిటిక్ మీద 1782లో వచ్చిన ఒక సమీక్ష, ఇది బర్క్‌లీ చెప్పిన భావవాదం (మనసులోని భావాలే తప్ప బయట పదార్థం లేదనే వాదం) లాంటిదే అన్నట్టు తేల్చేసింది. కాంట్‌కు ఒళ్లు మండింది. ఆ సమీక్షకు జవాబు కూడా ఈ చిన్న పుస్తకంలోనే ఉంది. శుద్ధ (అనుభవం మీద ఆధారపడని) గణితం ఎలా సాధ్యం, శుద్ధ ప్రకృతి శాస్త్రం ఎలా సాధ్యం, మెటాఫిజిక్స్ (దేవుడు, ఆత్మ లాంటి అనుభవానికి అందని వాటి విచారణ) ఎలా సాధ్యం అంటూ ప్రశ్నలు వరుసగా కళ్ల ముందు నిలబడతాయి. పైగా క్రిటిక్‌లో దొరకని ఒక ఉదాహరణ ఇందులో ఉంది. మన కుడిచేయి, అద్దంలో దాని ప్రతిబింబం. వేళ్ల పొడవు, వాటి మధ్య ఎడం, ఏది కొలిచినా తేడా రాదు. అయినా ఒకదాని చోట ఇంకొకటి పెట్టలేం, ఒకదాని గ్లవుజు రెండోదానికి పట్టదు. ఆ తేడాను ఏ నిర్వచనంతోనూ చెప్పలేం, చూసి తెలుసుకోవాల్సిందే. దేశం (స్పేస్) అనేది వస్తువుల సొంత గుణం కాదు, మనం చూసే తీరుకు సంబంధించినది అని ఇక్కడి నుంచి కాంట్ వాదిస్తాడు. బీఎస్సీ పిల్లలకు ఇది చప్పున ఎక్కుతుంది.

చిక్కు పద్ధతిలో ఉంది. ప్రొలెగోమెనా గణితాన్నీ భౌతిక శాస్త్రాన్నీ నిజమైన జ్ఞానంగా ముందే ఒప్పుకుని, అవి ఎలా సాధ్యమయ్యాయో వెనక్కి వెతుకుతూ పోతుంది. కార్యకారణ సంబంధాన్నే శంకించిన స్కాటిష్ తత్వవేత్త హ్యూమ్, ఆ మొదటి మెట్టు దగ్గరే ఆపి నిలదీస్తాడు. క్రిటిక్ అలా ఒప్పేసుకోదు. మన బుద్ధి శక్తుల నుంచే మొదలై కిందినుంచి కట్టుకుంటూ వస్తుంది.

ఇది చేతికి తగిలే చోటు ఒకటుంది. మే నెలలో వరంగల్ కోట రాళ్ల మీద చెయ్యి పెట్టి చూడండి, చుర్రుమంటుంది. "ఎండ పడుతున్నప్పుడు రాయి వేడెక్కుతుంది" అంటే నాకు తోచింది చెప్పడమే. "ఎండే రాయిని వేడెక్కిస్తుంది" అంటే అందరికీ వర్తించే మాట. ఎండ, రాయి ఉదాహరణ కాంట్‌దే, కోట ఒక్కటే నేను కలిపింది. ప్రొలెగోమెనాలో ఈ రెండు రకాల తీర్పుల (జడ్జిమెంట్ల) తేడా మీద చాలా బరువు పెట్టాడు. కానీ క్రిటిక్ రెండో కూర్పుకు వచ్చేసరికి, తీర్పు అంటేనే వస్తువు గురించి అందరికీ చెల్లేలా చెప్పడం అంటాడు. మరి ఆ మొదటి రకం తీర్పు ఏమైనట్టు? పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. చిన్న పుస్తకం ఒక్కటే చదివి వైవా‌కు పోయినవాళ్లకు ఈ ప్రశ్న ఉందన్న సంగతే తెలియదు.

క్రిటిక్ కొరుకుడు పడదన్నది నిజమే. అయితే మొదటి పేజీ నుంచి చివరిదాకా ఏకధాటిగా చదవాలని ఎవరూ అనలేదు. రెండో కూర్పు ఉపోద్ఘాతం, ఆ వెంటనే దేశకాలాల మీద ఉన్న ఈస్థటిక్ చదవండి. ఈస్థటిక్ మూలంలో 40 పేజీలే. తర్వాత వచ్చే డిడక్షన్ (కారణం లాంటి బుద్ధి భావనలు అనుభవానికి ఎందుకు వర్తిస్తాయో నిరూపించే భాగం) దగ్గర అందరూ ఆగిపోతారు. అక్కడ తల బాదుకోకుండా ముందుకెళ్లి కార్యకారణాల మీద ఉన్న సెకండ్ అనాలజీ చదవండి. వేయి స్తంభాల గుడిని ఎడమ నుంచి కుడికి చూడొచ్చు, కుడి నుంచి ఎడమకూ చూడొచ్చు. కాళేశ్వరం దగ్గర గోదావరి వాలున పోయే పడవను మాత్రం ముందు ఎగువన, ఆ తర్వాతే దిగువన చూస్తాం, ఆ వరుసను తిప్పలేం. కాంట్ చెప్పింది ఇల్లు, ఓడ, వాదన ఇదే. ఇది పట్టుబడ్డాక డిడక్షన్‌కు తిరిగొస్తే, అంత పెద్ద వాదన ఎందుకు అవసరమైందో అర్థమవుతుంది.

కూర్పుల సంగతికొస్తే, గయ్యర్, వుడ్ కలిసి చేసిన 1998 నాటి కేంబ్రిడ్జ్ ఇంగ్లీషు అనువాదం తీసుకోండి. కెంప్ స్మిత్ 1929లో చేసినది చదవడానికి హాయిగా ఉంటుంది, పక్కన పెట్టుకోవచ్చు. మొదటి కూర్పుకు ఏ, రెండోదానికి బీ అని వేసే పేజీ నంబర్లు మొదటి రోజు నుంచే నోట్స్‌లో రాసుకోండి. నెట్ పరీక్ష గైడ్లు సంవత్సరాలు గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి, అంతే.

ఒక్క సెమిస్టర్‌తో కాంట్‌ను వదిలేసేవాళ్లు ప్రొలెగోమెనానే చదవండి, కానీ పూర్తిగా చదవండి. విభాగాలు చిన్నవి కాబట్టి కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే రైల్లో కూడా నడుస్తుంది. క్రిటిక్‌కు మాత్రం బల్ల, పెన్సిలు, ఎదురుగా కూర్చుని "ఇది నాకు సమజ్ కాలే" అని అడిగే దోస్తు ఉండాలి.

ఉద్యమాల మధ్య పెరిగి, మనిషి గౌరవం గురించి కాంట్ ఏమన్నాడో తెలుసుకుందామని వచ్చే పిల్లలు కూడా మా దగ్గర తక్కువేం కాదు. వాళ్లు ఈ రెండూ పక్కనపెట్టి నీతి మీద కాంట్ రాసిన 1785 నాటి గ్రౌండ్‌వర్క్ తెరవడం మేలు. మనిషిని ఎన్నడూ కేవలం సాధనంగా వాడుకోకూడదన్న మాట రెండో భాగంలో ఉంది. మూడో భాగంలో స్వేచ్ఛ చర్చ మొదలయ్యాక మాత్రం క్రిటిక్‌లోని మూడో యాంటినమీ (స్వేచ్ఛకూ కార్యకారణ నియమానికీ మధ్య వైరుధ్యాన్ని చర్చించే భాగం) చదివి రావాలి. అది చదవకుండా అక్కడి వాదన ముందుకు సాగదు.